జెండర్, లైంగికత, డబ్బు: ఆంత్రోపాలజీలో కెరీర్ గురించి అడిగినందుకు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సోషియాలజీలో ఎం.ఏ. అయింది, జెండర్, లైంగికత, గ్లోబల్ ఎకానమీ మూడూ కలిసే చోట ఆంత్రోపాలజీలో (మానవ శాస్త్రంలో) పీహెచ్‌డీ చేయాలనుంది, ఈ కెరీర్‌లో ఉన్నవాళ్లు అసలు ఏం చేస్తారు, ఏ టాపిక్ తీసుకుంటే ఉద్యోగం వస్తుంది, "ఆడవాళ్ల విషయాలు చదివితే ఆర్థిక వ్యవస్థ గురించి ఏం తెలుస్తుంది" అన్న మీ లెక్చరర్‌కి ఏం జవాబు చెప్పాలి అని అడిగారు. నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఎగుమతి బట్టలు కుట్టే ఫ్యాక్టరీ పనివాళ్ల మధ్య మొదటి ఫీల్డ్ వర్క్ చేశాను, తర్వాత పరాయి దేశాలకు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల మధ్య చేశాను, ఇప్పుడు పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్‌గా ఉన్నాను. మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తేలితే మిగతావి చెప్పడం సులువు.

ఆ మాట నేనూ పడ్డాను, నా పీహెచ్‌డీ సినాప్సిస్ (పరిశోధన పథకం) చదివిన ఒక పెద్దాయన దగ్గర. అప్పుడు జవాబు తోచలేదు, రాత్రంతా బాధపడ్డాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ట్రోబ్రియాండ్ దీవుల సంగతి చెబుతాను. ఇప్పటి పపువా న్యూ గినీలో ఉన్న ఆ దీవుల్లో బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్ట్ 1915 నుంచి 1918 మధ్య రెండు విడతలుగా చాలా కాలం ఉన్నారు. ఊరి మధ్యే గుడారం వేసుకుని, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్లతో తిరుగుతూ రాసుకోవడం అనే మన పద్ధతికి ఇవాళ్టికీ ఆయన పేరే చెబుతాం. గవ్వల హారాలు, కంకణాలు పడవల్లో దీవి నుంచి దీవికి తిరిగే కులా మార్పిడి గురించి 1922లో ఆయన రాసిన పుస్తకం మీ సిలబస్‌లోనూ ఉండే ఉంటుంది. 1971లో ఆనెట్ వైనర్ అనే ఆంత్రోపాలజిస్ట్ అక్కడికే వెళ్లారు. కొయ్య చెక్కడాల మీద పని చేద్దామని వెళ్లారు. అయితే తొలిరోజే ఊరి ఆడవాళ్లు ఆమెను వెంటబెట్టుకుని, ఒకరు చనిపోయాక జరిగే పంపకాలకు తీసుకెళ్లారు. అక్కడ పంచుతున్నవి ఎండిన అరటాకుల కట్టలు, నారతో చేసిన లంగాలు. తెచ్చింది ఆడవాళ్లు, పంచేది ఆడవాళ్లు, ఎవరికి ఎన్ని వెళ్లాలో తేల్చేది కూడా వాళ్లే. ఆ కట్టలు తినడానికీ కట్టుకోవడానికీ పనికిరావు. కానీ భార్య పుట్టింటి వైపు మనిషి పోతే, ఆమెకు కావలసినన్ని కట్టలు సమకూర్చడానికి మొగుడు తన పందులు, డబ్బు, ఇంకా ఉన్న వస్తువులు ఇచ్చి వాటిని తేవాలి. అంటే మగవాళ్లు కూడబెట్టిందంతా ఒకచోట పోగుపడకుండా ఈ అరటాకుల సంపద మళ్లీ మళ్లీ లాగేస్తోంది. చెక్కడాల సంగతి పక్కన పెట్టి వైనర్ దీని మీదే పని చేశారు, 1976లో పుస్తకం వచ్చింది.

మలినోవ్‌స్కీ గుడ్డిగా పని చేశారని నేను అనను, అంత ఓపికగా చూసినవాళ్లు తక్కువ. ఆర్థిక వ్యవస్థ అంటే మగవాళ్లు చేసే మార్పిడి అని మనసులో ముందే ఉన్నందువల్ల కళ్ల ముందున్న లెక్కలో సగం ఆయనకు లెక్కలా కనిపించలేదు. మీ లెక్చరర్‌కి ఇదే చెప్పండి. మనం ఆడవాళ్ల విషయాలు, సెక్స్ విషయాలు అనే ఒక పక్క గది చదవడం లేదు. ఎవరి పనిని పనిగా లెక్కపెడతారు, ఎవరికి తక్కువ కూలి ఇచ్చినా చెల్లుతుంది, ఎవరు వద్దనగలరు, ఎవరు అనలేరు అన్నది చదువుతున్నాం. అది డబ్బు గురించిన ప్రశ్న, మొదటి నుంచీ.

వద్దనగలగడం అన్నాను కదా, దానికి రానా ప్లాజా కంటే పెద్ద సాక్ష్యం నాకు తెలియదు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో ఆ భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందు రోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లో ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు, రాకపోతే జీతం పోతుందని భయపెట్టారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఒకే భవనం, ఒకే పగులు. బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ఉండగలిగాడు, కుట్టుమిషన్ దగ్గర అమ్మాయి ఉండలేకపోయింది. ఆ తేడా ఎక్కడ తయారైందో వెతకడం మన పని. ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలుపెడితే ఆ వెతుకులాట ఆమె ఇంటికి, ఆమె పంపే డబ్బుకి, ఆమె పెళ్లికి, ఇంట్లో ఆమె మాటకున్న విలువకి, అక్కడి నుంచి మళ్లీ షిప్పింగ్ గడువు పెట్టిన విదేశీ కంపెనీ ఆఫీసుకి వెళ్తుంది. ఇంత దూరం ఒకే మనిషి వెంట నడవగలిగే చదువు ఆంత్రోపాలజీయే అని నేను గట్టిగా నమ్ముతాను.

చదవాల్సినవి ఒక లిస్టులా ఇవ్వను, నన్ను మార్చిన రెండు మూడు పనులు చెబుతాను. ఐహ్వా ఓంగ్ 1970ల చివర్లో మలేసియాలోని సెలాంగోర్‌లో, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో పని చేసే పల్లెటూరి మలయ్ అమ్మాయిల మధ్య ఉన్నారు. మైక్రోస్కోప్‌లో కళ్లు పెట్టి గంటల తరబడి పని చేసే ఆ అమ్మాయిలకు ఉన్నట్టుండి దయ్యం పట్టేది. ఒకరు అరిస్తే పక్కవాళ్లు అరిచేవారు, లైన్ ఆగిపోయేది. యాజమాన్యాలు దాన్ని మూకుమ్మడి హిస్టీరియా అన్నాయి, మందులు ఇచ్చాయి, కొన్నిసార్లు బోమో అనే మంత్రవైద్యుణ్ణి పిలిపించి ఫ్యాక్టరీలో శాంతి చేయించాయి. ఓంగ్ ఆ అరుపుల్ని జబ్బు అని కొట్టిపారేయలేదు, అలాగని తిరుగుబాటు అని తొందరపడి పేరు పెట్టలేదు. యూనియన్ లేని చోట, మగ సూపర్‌వైజర్ అజమాయిషీలో, ఊళ్లో "ఫ్యాక్టరీ పిల్లలు" అన్న చెడ్డపేరు మోస్తూ బతికే అమ్మాయిలకు తమకు జరుగుతున్నది చెప్పుకోవడానికి దొరికిన భాషగా దాన్ని విన్నారు. 1987లో వచ్చిన ఆ పుస్తకం చదివాక నేను ఫీల్డ్‌లో ఎవరి మాటనైనా "మూఢనమ్మకం" అని రాసుకోవడం మానేశాను.

కార్లా ఫ్రీమన్ బార్బడోస్‌లో చేసిన పని ఇంకో రకం. విమాన టికెట్లు, ఇన్సూరెన్స్ క్లెయిములు కంప్యూటర్లలోకి ఎక్కించే ఆఫీసుల్లో ఆడవాళ్లు సూట్లు, హైహీల్స్ వేసుకుని వచ్చేవారు. జీతం చూస్తే ఫ్యాక్టరీ కూలికి పెద్ద ఎడం లేదు. మరి ఆ బట్టలకు ఎందుకంత ఖర్చు? కంపెనీ వాళ్లను మోసం చేస్తోందని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. ఫ్రీమన్ అక్కడ ఆగలేదు. ఆ బట్టలు కుట్టడం, విదేశం వెళ్లి కొనుక్కొచ్చి తెలిసినవాళ్లకు అమ్మడం అనే ఇంకో చిన్న వ్యాపారం వాళ్ల చేతుల్లో నడుస్తోందని, ఆ వేషంలో వాళ్లకు నిజమైన గౌరవం, సంతోషం ఉన్నాయని, కంపెనీకి పనికొచ్చే క్రమశిక్షణ కూడా అందులోనే ఉందని చూపించారు. 2000లో వచ్చింది ఆ పుస్తకం. ఒకే వస్తువులో దోపిడీ, ఆనందం రెండూ ఉండొచ్చని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు నా విద్యార్థులు ఆ రెంటిలో ఒకటి కొట్టేసి చాప్టర్ తెస్తే వెనక్కి పంపుతాను.

లైంగికత దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు, మీ ప్రశ్నలో కూడా కొంచెం కనిపించింది కాబట్టి చెబుతున్నాను. లైంగికత చదవడమంటే ఎవరు ఎవరితో అన్నదే అనుకుంటారు. టామ్ బెల్‌స్టార్ఫ్ 1990ల నుంచి ఇండోనేషియాలో పని చేశారు. అక్కడి మగవాళ్లు కొందరు తమను "గే" అని చెప్పుకునేవారు. ఆ మాట వాళ్లకు ఎక్కువగా మాస్ మీడియా నుంచి తునకలు తునకలుగా అందింది. ఆ తునకలతో వాళ్లు సొంత అర్థం అల్లుకున్నారు. చాలామంది ఆడదాన్ని పెళ్లి చేసుకోవడానికీ దీనికీ వైరుధ్యం లేదనుకునేవారు. దాన్ని పాశ్చాత్య దేశాల నకలు అనలేం, దేశవాళీ అనీ అనలేం. డబ్బింగ్ సినిమాలో గొంతు ఒకరిది, పెదవులు ఒకరివి అయినట్టు అని ఆయన అన్నారు. గాయత్రి రెడ్డి హైదరాబాద్ హిజ్రాల మీద రాసిన 2005 నాటి పుస్తకం తప్పకుండా చదవండి. వాళ్లను "మూడో లింగం" అనే ఒక్క గాటన కట్టేసే అలవాటును ఆమె ఒప్పుకోలేదు. వాళ్ల మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చిన "ఇజ్జత్" అనే పదాన్ని పట్టుకుని మతం, వర్గం, బంధుత్వం, పని, శరీరం అన్నీ ఆ గౌరవం లెక్కలో ఎలా కలుస్తాయో చూపించారు. గమనించండి, పదం ఆమెది కాదు, వాళ్లది. చరిత్రకారుడు జాన్ డెమిలియో 1983లో ఒక వ్యాసంలో చెప్పిన విషయం కూడా గుర్తుపెట్టుకోండి: జీతం మీద బతకడం మొదలయ్యాకే, బతుకుతెరువుకి కుటుంబం మీద ఆధారపడక్కర్లేని మనిషికి తన కోరిక చుట్టూ జీవితం కట్టుకునే వీలు వచ్చింది. కోరికకీ కూలికీ ఉన్న ఈ ముడే మీ సబ్జెక్ట్.

ఇక పని ఎలా ఉంటుంది.

అమెరికా పద్ధతిలో పీహెచ్‌డీ అంటే మొదటి రెండు మూడేళ్లు కోర్సులు, తర్వాత క్వాలిఫయింగ్ పరీక్షలు, ప్రపోజల్, ఏడాది నుంచి ఏడాదిన్నర ఫీల్డ్, ఆపైన రెండేళ్లు రాత. మొత్తం ఆరు నుంచి ఎనిమిదేళ్లు అనుకోండి. బ్రిటన్ పద్ధతిలో కోర్సులు తక్కువ, మూడున్నర నాలుగేళ్లలో ముగించాలి, కానీ ఫీల్డ్ మాత్రం అక్కడా ఏడాదికి తగ్గదు. ఫీల్డ్‌కి డబ్బు వేరుగా తెచ్చుకోవాలి. ఆంత్రోపాలజీ పరిశోధనకు డబ్బిచ్చే వెన్నర్-గ్రెన్ ఫౌండేషన్ లాంటివి ఏ దేశపు విద్యార్థికైనా ఇస్తాయి, పోటీ బాగా ఉంటుంది, మొదటిసారి రాకపోతే రివ్యూలో వచ్చిన వ్యాఖ్యలు చదువుకుని మళ్లీ పంపండి. నాకు రెండోసారి వచ్చింది. భాష సంగతి ముందే చూసుకోండి. దుభాషిని పెట్టుకుని జెండర్ మీద పని చేయడం దాదాపు జరగని పని, ఎందుకంటే ఆడవాళ్లు ఒకరితో ఒకరు గొంతు తగ్గించి మాట్లాడుకునేది మీకు ఎవరూ అనువాదం చేసి పెట్టరు.

ఫీల్డ్ వర్క్ అంటే ఇంటర్వ్యూలు అనుకుంటారు. ఇంటర్వ్యూలు అందులో పదో వంతు. మిగతాదంతా ఉండటం, ఎదురుచూడటం, సాయం చేయడం, రాత్రి కూర్చుని గుర్తున్నదంతా రాసుకోవడం. రెండు గంటలు చూసినది రాయడానికి మూడు గంటలు పడుతుంది. రాయకుండా పడుకుంటే మర్నాటికి సగం పోతుంది, అది మళ్లీ రాదు. నేను నా మొదటి ఫీల్డ్‌కి సూపర్‌వైజర్ల అధికారం మీద ప్రశ్న పట్టుకుని వెళ్లాను. ఓవర్‌టైమ్ ఎవరికి ఇవ్వాలన్నది సూపర్‌వైజర్ ఇష్టం, దాంతో అమ్మాయిలను లొంగదీసుకుంటారు అన్నది నా ఊహ. నాలుగు నెలలు దాని చుట్టూనే ప్రశ్నలు అడిగాను. వాళ్లు మర్యాదగా జవాబు చెప్పేవారు, తర్వాత తమ మాటల్లో తాము పడిపోయేవారు. ఆ మాటలన్నీ పిల్లల్ని సాయంత్రం ఎవరు చూస్తారన్న దాని గురించే. అక్క వస్తానంది, రాలేదు, పక్కింటామెకి ఎంత ఇవ్వాలి, పెద్దపిల్లని బడి మానిపించాలా. ఐదో నెలలో నోట్స్ వెనక్కి తిప్పి చదువుతుంటే తెలిసింది. ఓవర్‌టైమ్ జాబితా ఫ్యాక్టరీలో రాస్తున్నా, అందులో ఎవరి పేరు ఉండాలన్నది ఇంటి దగ్గరే తేలుతోంది. పిల్లల్ని చూసే మనిషి ఉన్నామె ఓవర్‌టైమ్ చేసి అప్పు తీరుస్తోంది, లేనామె అప్పులోనే ఉండిపోతోంది, సూపర్‌వైజర్ మాటకి ఎక్కువ లొంగాల్సి వస్తున్నదీ ఆ రెండో ఆమే. వేధింపు నిజం, నేను ఊహించింది తప్పు కాదు. దాని వేరు మాత్రం నేను చూస్తున్న గదిలో లేదు.

అక్కడి నుంచే నా రెండో పరిశోధన వచ్చింది. పిల్లల్ని చూసే పని ఎవరిది, దానికి ఎవరు డబ్బిస్తారు అన్న ప్రశ్నను పట్టుకుని వెళితే దేశాలు దాటింది. ఒక సంపన్న దేశంలో ఉద్యోగం చేసే తల్లి తన బిడ్డ కోసం పరాయి దేశపు ఆయాను పెట్టుకుంటుంది, ఆ ఆయా సొంత పిల్లల్ని ఊళ్లో ఇంకొకామె చూస్తుంది, ఆ ఇంకొకామె పిల్లల్ని పెద్దకూతురో అమ్మమ్మో చూస్తారు, గొలుసులో కిందికి వెళ్లేకొద్దీ డబ్బు తగ్గి ఆఖరి కొసన అసలు ఉండదు. ఆర్లీ హాక్‌షీల్డ్ 2000లో దీనికి ప్రపంచ సంరక్షణ గొలుసు అని పేరు పెట్టారు. రోమ్, లాస్ ఏంజెలెస్ నగరాల్లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఇంటిపనివాళ్ల మీద రాసెల్ పరేన్యాస్ చేసిన పని దానికి ఆధారం. వీళ్లిద్దరూ సోషియాలజిస్టులు, మీకు ఆ చదువు ఉంది కాబట్టి ఇది మీకు మంచి వంతెన. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం ప్రపంచంలో రోజుకి 1,640 కోట్ల గంటల సంరక్షణ పని జీతం లేకుండా జరుగుతోంది. 200 కోట్ల మంది రోజుకి ఎనిమిది గంటలు ఊరికే పని చేసినట్టు. అందులో నాలుగింట మూడు వంతులు చేసేది ఆడవాళ్లు. ఈ అంకె పాఠంలో చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమవుతుంది. అంకె అంతవరకే చేయగలదు. ఆ గంటల్లో ఒక గంట లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి ఎవరో ఒకరు అక్కడ కూర్చోవాలి.

ఇప్పుడు ఎవరూ ముందుగా చెప్పని కొన్ని విషయాలు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను, మీరు చేయకూడదని. నా మొదటి వ్యాసంలో ఒకామె కథ రాశాను. పేరు మార్చాను, పరిశోధన వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అడిగినవన్నీ చేశాను, ఆమె సమ్మతి ఉంది. కానీ ఆమె ఏ మిషన్ మీద పని చేసేదో, ఎంతమంది పిల్లలో, ఏ ఏడాది విడిపోయిందో అలాగే ఉంచాను, వివరాలుంటేనే బలం అనుకుని. వ్యాసం ఇంగ్లిష్‌లో ఉంది, వాళ్లెవరూ చదవరు అనుకున్నాను. యూనియన్‌లో ఉన్న ఒక అమ్మాయి చదివింది, గుర్తుపట్టింది, నలుగురికి చెప్పింది. తన సంబంధం గురించి నాకు నమ్మకంగా చెప్పిన మాటలు ఆమె వదిన దాకా వెళ్లాయి. ఆమె నన్ను తిట్టలేదు. "నువ్వు రాస్తావని తెలుసు, ఇలా తెలిసిపోతుందని తెలీదు" అంది. ఆ మాట ఇంకా నాలో ఉంది. లైంగికత మీద పని చేసేవాళ్లకు పేరు మార్చడం ఏమాత్రం సరిపోదు. వివరాలు మార్చాలి, ఇద్దరి ముగ్గురి జీవితాలను కలపాల్సి వస్తే కలిపామని చెప్పి కలపాలి, కొన్ని గొప్ప కథలు అసలు రాయకుండా వదిలేయాలి. చట్టం నేరంగా చూసే సంబంధాలున్న చోటయితే మీ నోట్స్ పోలీసుల చేతికి వెళితే ఏమవుతుందో ముందే ఆలోచించి, అసలు పేర్లు ఎక్కడా రాయకండి, ఫోన్‌లో కూడా.

ఫ్యాక్టరీలోకి, ఆఫీసులోకి అనుమతి దొరకడం ఇంకో కష్టం. నాకు ఒక యాజమాన్యం లోపలికి రానిస్తానంది, రాసింది ముందుగా తమకు చూపించాలన్న షరతుతో. ఒప్పుకోలేదు, ఆరు నెలలు పోయాయి, చివరికి హాస్టల్‌లో గది తీసుకుని బయటి నుంచి పని చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే అదే మేలయింది, ఫ్యాక్టరీ అనుమతితో వెళ్లిన మనిషి ముందు ఎవరూ ఫ్యాక్టరీ గురించి మాట్లాడరు. మరియా పట్రీషియా ఫెర్నాండెజ్-కెల్లీ మెక్సికో సరిహద్దులోని సియుదాద్ హువారెజ్‌లో కూలి అమ్మాయిగా కుట్టు ఫ్యాక్టరీలో చేరి పని చేశారు, 1983లో పుస్తకం వచ్చింది. గొప్ప పని. కానీ ఈ రోజు అలా ఎవరికీ చెప్పకుండా చేరతానంటే చాలా ఎథిక్స్ కమిటీలు ఒప్పుకోవు, పక్కన కూర్చున్న ఆమెకు మీరెవరో తెలియాలి కదా అన్నది న్యాయమైన అడ్డంకే.

మీ భద్రత గురించి. ఫీల్డ్‌లో ఆడవాళ్లకు, గే, ట్రాన్స్ పరిశోధకులకు వేధింపులు జరుగుతాయి, ఎన్నో ఏళ్లు ఇది గైడ్‌లు మాట్లాడని విషయం. సమాచారం చేతిలో ఉన్న మనిషిని దూరం చేసుకుంటే థీసిస్ పోతుందన్న టెన్షన్‌లో సహిస్తూ పోతారు. వద్దు. ఏ సమాచారమూ మీకంటే ఎక్కువ కాదు. వెళ్లేముందే గైడ్‌తో ఈ సంగతి ఎత్తండి, ఆ మాట ఎత్తినప్పుడు ముఖం తిప్పుకునే గైడ్ అయితే వేరే గైడ్‌ని చూసుకోండి. ఈ సబ్జెక్ట్‌కి పాత గాయాలు కూడా ఉన్నాయి. అమెరికాలో ఆడవేషం వేసి ప్రదర్శనలిచ్చే డ్రాగ్ కళాకారుల మీద ఎస్తర్ న్యూటన్ 1960ల్లో పని చేసి 1972లో పుస్తకం తెచ్చినప్పుడు చాలామందికి అది పరిశోధనగా అనిపించలేదు. స్వలింగ సంబంధాల మీద పని చేసే ఆంత్రోపాలజిస్టులు 1978లో అక్కడి వృత్తి సంఘం లోపల ఒక బృందంగా ఏర్పడితే తప్ప ఒకరికొకరు ఉన్నారని కూడా సరిగా తెలియలేదు. మీరు వెళ్లే గదులు వాళ్లు తెరిచినవి.

ఉద్యోగం. మీరు అన్నిటికంటే ముందు అడిగింది ఇది, నేను దాచకుండా చెబుతాను. శాశ్వత అధ్యాపక పోస్టులు పీహెచ్‌డీలు అయిన వాళ్లకంటే బాగా తక్కువ. పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), ఏడాది కాంట్రాక్టులు, ఊళ్లు మారడం, ఇది నాలుగైదేళ్లు సాగొచ్చు. నాకు సాగింది. శాశ్వత పోస్టుకి దారితీసే టెన్యూర్ ట్రాక్ ఉద్యోగం దొరికితే ఆరో ఏడాది నాటికి థీసిస్ పుస్తకంగా రావాలి, పెద్ద యూనివర్సిటీల్లో అది దాదాపు రూలు. స్కాలర్‌షిప్ లేని పీహెచ్‌డీ సీటు అప్పు చేసి తీసుకోకండి, ఈ మాట నేను ఎవరికైనా చెబుతాను. బయట కూడా పనులున్నాయి: కార్మిక సంస్థలు, ప్రజారోగ్యం, వలస కార్మికుల హక్కుల సంఘాలు, కంపెనీల వస్తువులను జనం ఎలా వాడుతున్నారో చూసే యూజర్ రీసెర్చ్. విదేశీ కంపెనీలకు సరుకు చేసే ఫ్యాక్టరీలను తనిఖీ చేసే సప్లై చెయిన్ ఆడిట్ సంస్థల్లో కూడా తీసుకుంటారు. అందులో చేరితే రానా ప్లాజాలోని కొన్ని ఫ్యాక్టరీలకూ అంతకుముందు ఆడిట్ జరిగిందన్నది మర్చిపోకుండా పని చేయండి.

ఏ టాపిక్‌కి ఉద్యోగం వస్తుందన్న ప్రశ్న మాత్రం వదిలేయండి. మీరు ముగించే నాటికి మార్కెట్ ఇంకేదో అడుగుతుంది. ఇండియాలో అద్దె గర్భం మీద ఒక కాలంలో ఎంతో పరిశోధన జరిగింది, అమృత పాండే గుజరాత్‌లో చేసిన పని 2014లో పుస్తకమైంది. 2015లో విదేశీయులకు ఆపేశారు, 2021 చట్టం డబ్బు తీసుకుని గర్భం మోయడాన్నే నిషేధించింది. టాపిక్ మూతపడింది. "గర్భాన్ని పనిగా లెక్కపెడితే ఏమవుతుంది, ఎవరికి" అన్న పాండే ప్రశ్న మూతపడలేదు, చట్టం మారినా ఇవాళ క్లాసులో అదే చెబుతున్నాం. అందుకని పదేళ్లు మీతో ఉండగలిగే ప్రశ్న వెతుక్కోండి. అది మీ జీవితంలో ఎక్కడో ముల్లులా ఉన్నదే అయి ఉంటుంది, నాకైతే మా అమ్మ ఇంట్లో మిషన్ కుడుతూ "నేనేం పని చేయను, ఇంట్లోనే ఉంటాను" అని అందరికీ చెప్పే మాట.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. గైడ్ కావాలనుకున్న వాళ్లకు మెయిల్ రాసేముందు ఒక చోటు ఎంచుకోండి, మీరు ఉండగలిగేది, ఎంత చిన్నదైనా సరే: ఒక కాల్ సెంటర్ బస్సు, ఒక బ్యూటీ పార్లర్, డబ్బు పంపే కౌంటర్ ముందు క్యూ. అక్కడివాళ్లకు మీరెవరో చెప్పి, వాళ్లు సరేనంటే మూడు వారాలు రోజూ వెళ్లండి. ఏమీ అడగకండి. డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తోందో, ఎవరు లెక్కపెడుతున్నారో, ఎవరు లెక్కపెట్టకుండా ఇచ్చేస్తున్నారో రాసుకోండి. తర్వాత రెండు పేజీల ప్రపోజల్ రాయండి, థియరీ పేర్లు ఒకటి రెండుకి మించకుండా. ఆ రెండు పేజీలు నాకు పంపితే చదివి, ఎవరికి రాయాలో చెబుతాను.